రెండు గీతలూ ఒక చుక్కా

"మీకు ఎండ పడదని, బయటి పనులు వద్దని మీరే అన్నారట కదా?" అంది బామ్మగారు, నల్ల దుప్పటి వకీలు గౌనులా భుజాల మీదికి లాక్కుంటూ.

గొలుసమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ మొదటి ప్రశ్న నుంచీ మొదలుపెట్టాలి కాబట్టి పెదవి కొరుక్కుంది.

"నేను అనలేదండీ. పదకొండేళ్ళలో నన్నెవరూ అడగనే లేదు."

"అదీ మాట. దానికింక తోక తగిలించకు. ఎక్కువ మాట్లాడావంటే అందులోంచే కూపీ లాగుతారు."

వంటింటి గుమ్మం దగ్గర ఎత్తుపీట మీద న్యాయమూర్తి కూర్చున్నాడు. అంటే గొలుసమ్మ భర్త. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో తన మాట చెల్లడం ఇదే మొదటిసారి కాబట్టి తీర్పు చెప్పేదాకా పీట దిగేది లేదని ముందే ప్రకటించాడు. చేతిలో గరిటె పట్టుకున్నాడు.

గొలుసమ్మ ప్రభుత్వ భూకొలతల ఆఫీసులో సర్వేయరు. చేరిన రోజునుంచీ పొలాలు కొలిచే గొలుసు తన చేతికి ఇమ్మని అడుగుతూనే ఉంది కాబట్టి తోటివాళ్ళు వెక్కిరింతగా ఆ పేరు పెట్టారు. గొలుసు మాత్రం ఇవ్వలేదు. మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి పటాలకు నకళ్ళు గీయించారు. చివరికి బయట కొలిచిన అనుభవం లేదంటూ ప్రమోషన్ ఆపేశారు. ఆమె వెనక చేరిన మగవాళ్ళు ముగ్గురు ఆమెకే పైవాళ్ళయ్యారు. ఆ కేసు తెల్లారితే అసలు న్యాయమూర్తి ముందుకు వస్తోంది.

ఆధారమంటూ ఉన్నది ఒక్క చీటీ. ఆమె తన ఫైలు నకలు తెప్పించుకున్నప్పుడు అందులో దొరికింది. "ఆడమనిషికి గొలుసు ఇవ్వవద్దు. నకళ్ళకు వాడుకోండి." సంతకం లేదు. చివర రెండు గీతలు, వాటి కింద ఒక చుక్క. రాసింది పెద్ద అధికారేనని ఆఫీసులో బంట్రోతుతో సహా అందరికీ తెలుసు. వచ్చి చెప్పమంటే మాత్రం ఒకరికి జ్వరం, ఇంకొకరికి నడుం నొప్పి. ఆయన చేతిరాత ఎరిగిన మనిషి ఒక్కరైనా బోనెక్కకపోతే అది చిత్తుకాగితమేనని గొలుసమ్మ తరఫు వకీలమ్మ తేల్చేసింది.

బామ్మగారు ఈ ఇంటి యజమానురాలు. కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. బడి మెట్లెక్కలేదు. పిల్లవాడి పలక పక్కన కూర్చుని తనూ అక్షరాలు దిద్దుకుందట. ఇప్పుడు పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవకుండా పారెయ్యదు. ఎవరు వెళుతున్నా వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని చూస్తూ నిలబడుతుంది. గొలుసమ్మ ఆ చీటీ చూపించిన రోజు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. మర్నాటినుంచీ ఈ కేసు తనదే అన్నట్టు నెత్తినేసుకుంది.

"పెద్దాయన ఏదైనా అనబోయేముందు కళ్ళజోడు తీసి తుడుస్తాడు," అంది ఇప్పుడు. "నువ్వు కంగారుపడకు. అబద్ధం వెతుక్కుంటున్నాడని లెక్క."

"మీకెలా తెలుసండీ?"

"పేపర్లో ఇలాంటి కేసులు ఎన్ని చదవలేదు? అధికారులంతా ఒకే తానులో ముక్కలు."

గరిటె గిన్నె మీద టంగుమంది. సాక్షి సంగతేమిటని న్యాయమూర్తి అడిగాడు.

బామ్మగారు దుప్పటి మడత పెట్టింది. తను వకీలమ్మతో మాట్లాడానని, ఆ రాత గుర్తుపట్టే మనిషి దొరికిందని, పేరు మాత్రం రేపటిదాకా అడగొద్దని చెప్పింది. రిటైరైన టైపిస్టు అయ్యుంటుందని గొలుసమ్మ, కాదు పాత డ్రైవరని భర్త కాసేపు వాదులాడుకున్నారు. బామ్మగారు ప్రశ్నలు రాసిన నోటుబుక్కులో ఆఖరి జవాబు కింద గీతలు కొట్టి, మూసి, ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మాయ్, మనం గెలిస్తే ఉద్యోగం పోతుందా?"

"గెలిస్తే నా ఉద్యోగం ఎందుకు పోతుంది బామ్మగారూ? మీ భయం గానీ."

బామ్మగారు తలూపింది.

మర్నాడు కోర్టులో గొలుసమ్మ తడబడకుండా జవాబులు చెప్పింది. ఎదుటి వకీలు అడిగినవన్నీ వంటింట్లో విన్నవే. ఎండ సంగతి వచ్చేసరికి నవ్వాపుకోవడమే కష్టమైంది. తర్వాత పెద్ద అధికారి వంతు. చీటీ చేతికిచ్చారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, ఈ రాత తనది కాదన్నాడు. పక్కనుంచి భర్త గొలుసమ్మను మోచేత్తో పొడిచాడు.

అప్పుడు వకీలమ్మ లేచి, ఉదయమే అనుమతి తీసుకున్న సాక్షిని పిలవమంది. వరండా తలుపు తెరుచుకుంది. ముందు చేతికర్ర, వెనక బామ్మగారు. గొలుసమ్మ తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

చీటీ చూపించారు. బామ్మగారు దాన్ని ముట్టుకోలేదు.

"ఇది ఆయన రాతేనండీ. రాయడం అయిపోయాక రెండు గీతలు కొట్టి చుక్క పెడతాడు, కింద ఇంకెవరూ ఏమీ చేర్చకుండా. పలక మీద రాసేటప్పటినుంచీ అదే అలవాటు."

ఎదుటి వకీలు విసురుగా లేచాడు. "ఆయన పలక సంగతి మీకేం తెలుసు? అసలు ఆయన మీకేమవుతారు?"

పెద్ద అధికారి చేతిలో కళ్ళజోడు అలాగే ఉండిపోయింది. తుడవడం లేదు. బామ్మగారు ఆయన వంక, గేటు పట్టుకుని వీధి మలుపు దాకా చూసినట్టే, చాలాసేపు చూసింది.

"వాడు నా కొడుకండీ."