ఏ వైపు పైకి

“ఇది తొమ్మిదా, ఆరా? తేల్చి చెబితే మేకు కొడతాను,” అన్నాడు ఫ్రేములు కట్టేవాడు.

“తొమ్మిది. మా వాడి నంబరు నాకు తెలీదా?” అంది తల్లి.

క్లబ్బు గదిలో బల్ల మీద పదకొండేళ్ళ కిందటి సీజను ఫుట్‌బాల్ చొక్కాలు పరిచి ఉన్నాయి. సొంత మైదానంలో వేసుకున్న నీలం, బయటికి వెళ్తే వేసుకున్న పసుపు, గోల్‌కీపరుకి ఆకుపచ్చ. అన్నిటికీ భుజాల మీద పిడుగు బొమ్మలా వంకర మెరుపు గీతలు. అప్పట్లో కరెంటాఫీసు టీము అని ఎగతాళి చేసినవాళ్ళే ఇప్పుడు అంత అందమైన డిజైను మళ్ళీ రాలేదంటున్నారు. మనుషులు పోయాక చొక్కాలకి అందం వస్తుంది కాబోలు.

ఆ సీజను చివర్లో టీము వ్యాను వంతెన మీంచి ఏట్లో పడింది. ఇద్దరు తప్ప అందరూ ఈది బయటపడ్డారు. పన్నెండో రోజున ఒక శవం తేలింది. రెండోది ఇప్పటికీ దొరకలేదు. తేలిన మనిషిని ఎవరికీ చూపించలేదు. వీపు మీద మిగిలిన పసుపు గుడ్డముక్క ఒకటి తెచ్చి ముందు ఈ తల్లికి చూపిస్తే, తొమ్మిదో నంబరు చూసి కొడుకుని గుర్తుపట్టింది, సాగనంపింది. ఆ ముక్కని పెట్టెలోంచి ఇవాళే బయటికి తీసింది.

ఫ్రేములవాడు ఈ ఊరికి కొత్త. తిప్పి పెడితే ఆరులాగా ఉంది, తప్పు వేలాడదీస్తే రేపు నన్నంటారు అని పట్టుబట్టాడు. చివరికి ఆ చొక్కాలకి అంకెలు అచ్చు వేసినాయన్నే పిలిపించారు.

ఆయన గోళ్ళ నిండా రంగుతోనే వచ్చాడు. ఆరుకీ తొమ్మిదికీ ఒకటే అచ్చు, తిప్పి వేసేవాణ్ణి అని ఒప్పుకున్నాడు. అక్కడ కూడా పీనాసితనమేనా అని ఆవిడ దెప్పింది. ఆయన నవ్వి ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

అచ్చు మీద రంగు లాగే రబ్బరు పట్టీని ఆయన ఎప్పుడూ కాలరు వైపు నుంచి నడుం వైపుకే లాగేవాడు. అందుకని ప్రతి అంకెకీ కింది అంచున రంగు గట్టులా పేరుకునేది. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమాడు. గట్టు అంకెలోని గుండ్రటి సున్నా వైపు తగిలింది. మళ్ళీ తడిమాడు. సున్నా వైపే. సున్నా కింది వైపుకి వచ్చే అంకె తొమ్మిది కాదు, ఆరు.

“వాడు ఎటు పోయాడో నాకు తెలుసన్నయ్యా,” అంటోంది ఆవిడ. “నా చేతులతో సాగనంపుకున్నాను. ఆ మాత్రం దక్కబట్టే బతికున్నాను. లేకపోతే తలుపు చప్పుడైనప్పుడల్లా వాడేనేమో అని చచ్చేదాన్ని.”

ఆయన వేలు ఆ గట్టు మీదే ఆగిపోయింది.

“ఏమంటారు?” అన్నాడు ఫ్రేములవాడు.

“తొమ్మిదే. సున్నా పైకి పెట్టి కొట్టు.”

చివరి మేకు దిగేదాకా ఫ్రేముని ఆయనే పట్టుకున్నాడు. తర్వాత ఆ గుడ్డని అద్దం మీంచే ఒకసారి నిమిరి, గుమ్మం వైపు నడిచాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వెనకనుంచి మెల్లగా అడిగింది.

“వదిన ఎలా ఉంది అన్నయ్యా? మీ ఆరో నంబరు వాడు వస్తాడని ఇంకా గుమ్మంలోనే కూర్చుంటోందా?”