నైరుతి మూల గొయ్యి

ఉన్ని టోపీ పెద్దాయన ఇవాళ కూడా ఇంటి వెనక్కి తొంగి చూస్తున్నాడు.

ఉజ్వలకి ఒళ్లు మండింది. అమెరికా వచ్చి ప్లెయిన్స్‌బరోలో ఇల్లు కొనుక్కుని, టౌన్‌షిప్ పర్మిట్ జోలికి పోకుండా గుట్టుగా బేస్‌మెంట్‌లో కూతురు తన్వికి బెడ్‌రూమ్ కట్టించుకుంటుంటే ఈయనకేం పని?

మొన్నటికి మొన్న వాకింగ్‌కి వచ్చినట్టే వచ్చి, పాప పడుకునేది కిందేనా అని ఆరా తీశాడు. మెట్ల దగ్గర నిప్పంటుకుంటే ఎటునుంచి బయటికొస్తుందని అడిగాడు. శుభమా అని ఇల్లు బాగు చేయించుకుంటుంటే అవేం మాటలు?

"కచ్చితంగా కంప్లైంట్ ఇచ్చే రకం," అంది భర్త నిశాంత్‌తో. "మన ఇల్లు చూసి కళ్లు కుట్టినట్టున్నాయి."

మనిషి పట్టేంత కిటికీ పెట్టుకోమని పనివాడూ చెప్పాడు. బేస్‌మెంట్ కదా, కిటికీ బయట గొయ్యి తవ్వాలి. చోటున్నదేమో నైరుతి మూలే. ఉజ్వల ససేమిరా అంది.

ఇవాళ తేల్చేద్దామని పెరట్లోకి వెళ్లింది.

"ఏం కావాలండీ మీకు?"

పెద్దాయన నున్నగా గీసిన గడ్డం తడుముకున్నాడు. "ఈ మూల గొయ్యి తవ్వించి కిటికీ పెట్టించమ్మా."

నైరుతిలో గొయ్యి. అంటే ఇంటాయన ప్రాణానికే ఎసరు పెడుతున్నాడన్నమాట. ఉజ్వల విసవిసా లోపలికెళ్లి వాస్తు పుస్తకం తెచ్చి చూపించింది. అట్ట మీద గుబురు గడ్డం, రూపాయంత బొట్టుతో వీరభద్రం సిద్ధాంతి.

"ఈయనకంటే మీకెక్కువ తెలుసా?"

పెద్దాయన అట్ట వంక చూసి తల దించుకున్నాడు.

"ఆయనకేం తెలీదమ్మా," అన్నాడు మెల్లగా.

ఇంకెప్పుడూ తమ ఇంటి ఛాయలకి రావద్దని పంపేసింది.

ఆ వారమే టౌన్‌షిప్ నుంచి ఇన్‌స్పెక్టర్ దిగాడు. కిటికీ లేకుండా ఆ గదిలో ఎవరూ పడుకోకూడదన్నాడు. ఉజ్వల ఆ టోపీకి శాపనార్థాలు పెడుతూనే గొయ్యి తవ్వించి, కిటికీ, గోతిలో ఓ నిచ్చెన పెట్టించింది.

చలికాలంలో ఓ మధ్యాహ్నం, మెట్ల కింద ఛార్జింగ్‌లో పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలింది. మెట్లన్నీ మంటలే. అలారం మోతకి నిద్రలేచిన తన్వి ఆ కిటికీలోంచి గోతిలోకి దిగి, నిచ్చెన పట్టుకుని పైకొచ్చింది.

కూతుర్ని గుండెలకి హత్తుకుని ఉజ్వల ఎంతసేపు ఏడ్చిందో.

మర్నాడు వాళ్లనీ వీళ్లనీ అడిగి ఆ పెద్దాయన ఇంటికి వెళ్లింది. కాళ్లు పట్టుకునైనా క్షమించమని అడగాలనుకుంది.

కోడలు తలుపు తీసింది. మామయ్యగారు పోయి నెల దాటిందని చెప్పింది.

హాల్లో ఓ పిల్లాడి ఫొటోకి దండ వేసి ఉంది.

"మా ఆరుష్. పాతింట్లో బేస్‌మెంట్‌లోనే పడుకునేవాడు. అక్కడ కిటికీ పెట్టిద్దామంటే నైరుతిలో గొయ్యి కూడదని మామయ్యగారే వద్దన్నారు. నిప్పంటుకున్న రోజు వాడికి దారి లేకపోయింది."

ఆ పక్కనే, కొత్తగా దండ వేసిన ఫొటోలో, గుబురు గడ్డంతో, రూపాయంత బొట్టుతో, వీరభద్రం సిద్ధాంతిగారు ఉన్నారు.