ఈ ఒక్కరోజే

గిల్లేసూగూరు సమాజ భవనంలో మేకల ఫారం కంపెనీ ఏజెంటు నవనీత్, హనుమమ్మ చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టాడు.

"ఊరికెనే అమ్మా. ఉంచుకో."

ఆమె ముఖం విప్పారింది. ఇంటి పైకప్పు కోసం దాచిన మిరపకాయల డబ్బు ఒడిలోనే ఉంది. మేకల ఫారంలో పెడితే ఏడాదికి రెండింతలవుతుందట.

పక్కన ఎవరో కొత్తావిడ. అప్పుడే బస్సు దిగి వచ్చి కూర్చుంది.

"డబ్బా పుచ్చుకున్నాక కాదనాలంటే మొహమాటమేస్తుంది కదండీ," అందావిడ నెమ్మదిగా. "ఇప్పుడు చూడండి, మీకు తెలిసినవాళ్ళ పేరొకటి చెబుతాడు."

"మీ పక్కింటి బసవమ్మ నిన్ననే కట్టింది," అన్నాడు నవనీత్.

హనుమమ్మ ఆవిడవైపు తిరిగి చూసింది. "నీకెట్ల తెలుసు?"

"ఇక గడియారం చూస్తాడు."

నవనీత్ చెయ్యెత్తి గడియారం చూసుకున్నాడు. "పొద్దుగూకే దాకనే టైము. రేపు ఈ మౌకా ఉండదు."

హనుమమ్మకు నవ్వాగలేదు. వెనకనున్న మహాదేవి చెవిలో చెప్పింది. మాట వరుస వరుసకూ పాకింది.

"ఇగ తర్వాతేంది?" గుసగుసగా అడిగింది మహాదేవి.

"చెమట తుడుచుకుని, మా అమ్మ పేరున కూడా కట్టానంటాడు."

నవనీత్ జేబురుమాలు తీశాడు.

అతను నోరు తెరవకముందే ఆడవాళ్ళంతా ఒక్కసారే అడిగారు, "మీ అమ్మ పేరు మీద గూడ కట్టినవా?"

హాలంతా నవ్వులు.

మీటింగు పెట్టించిన బీరప్పకు మాత్రం కోపమొచ్చింది.

"ఏమ్మా, నువ్వు వేరే కంపెనీదానివా? మా ఊరికొచ్చి పని చెడగొడ్తవేంది? బయటికి నడువ్."

ఆవిడ లేచింది. "వెళ్తానండీ. వీళ్ళని మాత్రం ఇవాళే కట్టమనకండి. ఓ రాత్రి నిద్రపోయి ఆలోచించుకోనివ్వండి."

ఎవరూ ఆపలేదు. కానీ ఆ రోజు పెన్ను పట్టుకున్న ప్రతి ఒక్కరికీ నవ్వొచ్చింది. ఒక్క సంతకమూ పడలేదు.

మర్నాడు పొద్దున్నే నవనీత్ మళ్ళీ వచ్చాడు.

"మీకోసమని ఇంకొక్క దినం పెంచిన్రు."

"రేపుండదంటివి కదా కొడుకా. మరి ఇదేంది?" అంది హనుమమ్మ.

ఈసారి బీరప్ప కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. చివరికి నవనీత్‌కే నవ్వొచ్చి, కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాడు.

"పాపం, ఆమెకు మంచినీళ్ళన్న ఇయ్యకపోతిమి," అన్నాడు బీరప్ప. "ఏ కంపెనీ ఆమెనో."

"ఇప్పుడు ఏ కంపెనీ ఆమె కాదు. దేవిక మేడం," అన్నాడు నవనీత్. "నిన్న ఆమెను చూడంగనే లేసి పోదామనుకున్న."

"ఎందుకు?"

"ఏం జెప్తే జనం ఆగమాగమై పైసలు కడ్తరో మాకు నేర్పింది ఆమెనే. ఆ నౌకరి ఇడిసిపెట్టి, ఇప్పుడు సర్కారు కమిటీల కూసొని, మాట విన్న దినమే ఎవ్వరితోని పైసలు కట్టించుకోవద్దని కానూను రాస్తున్నది."