దిగే తాడు

"కిందికి చూడకురా కిఫ్లోమ్! రాతినే చూడు!" లోయలోంచి అమ్మ అరిచింది.

కిఫ్లోమ్ చూడనే చూశాడు. టిగ్రాయ్ కొండసీమ ఎర్రమట్టి మీద, తెల్ల ముసుగులో అమ్మ జొన్నగింజంత కనిపించింది. కాళ్ళు రాతి మీంచి జారాయి. నడుముకు కట్టిన తోలుతాడుకు గాల్లో వేలాడిపోయాడు.

"లాగండి తండ్రీ, చచ్చిపోయేలా ఉన్నాను!"

పైనున్న ముసలి సన్యాసి బలంగా లాగి మఠం గడపలో పడేశాడు.

ఆడవాళ్ళు ఎక్కకూడని కొండ అది. అందుకే అమ్మ తన మొక్కు కొడుకు చేత పంపింది. కిఫ్లోమ్ చర్చిలో సాంబ్రాణి ఇచ్చి, శిలువను ముద్దుపెట్టుకుని, మళ్ళీ అంచు దగ్గరికి వచ్చాడు. ఒక్కసారి తొంగిచూసి గోడను కరుచుకుని కూర్చుండిపోయాడు.

"ఇవాళ నావల్ల కాదు తండ్రీ. రేపు దిగుతాను."

సన్యాసి నవ్వలేదు. "నీ వయసులో నేనూ అదే అన్నాను. మర్నాడూ అదే అన్నాను."

"మిమ్మల్ని దేవుడు పిలిచాడని చెప్పుకుంటారే?"

"జనం అనుకున్నారు, నేను కాదనలేదు. మా అమ్మ మాత్రం చీకటి పడేదాకా కింద నిలబడి పిలిచింది. అంచుకొచ్చి బదులు పలకడానికి కూడా నాకు భయమేసింది."

"కిఫ్లోమ్! ఇంకా దిగవేంరా?" కింద నుంచి కేక.

కిఫ్లోమ్ గోడ వదిలాడు. పాకుతూ అంచుకు చేరాడు.

"వస్తున్నానమ్మా!" అని అరిచి, సన్యాసి వైపు తిరిగాడు. "తాడు మీరే కట్టండి తండ్రీ. నాకు వేళ్ళు ఆడటం లేదు."

ముడి బిగిస్తూ సన్యాసి మెల్లగా అన్నాడు.

"నువ్వు నేల తాకేదాకా నిన్ను పిలుస్తూనే ఉండమని మీ అమ్మతో చెప్పు."