ఎవరి రాత?

"ఈ నాటకం రాసిందెవరు?" అని ఇన్‌స్పెక్టర్ మూడోసారి అడిగేసరికి, నాటక కంపెనీ యజమాని మూలనున్న గుమాస్తాను వేలెత్తి చూపించాడు.

"ఆయనేనండీ. వాల్‌పోస్టరు మీద నా పేరు ఊరికే వేశారు."

సేనాపతి వేషానికి గుండీలు కుడుతున్న గుమాస్తా భార్య చేతిలో సూది ఆగిపోయింది. ఇంగ్లీషు విషాద నాటకాల ఫక్కీలో, రాజును చంపి గద్దెనెక్కిన సేనాపతి కథను నిజంగా రాసింది ఆమె భర్తే. పేరు వెయ్యమని రెండేళ్లుగా ఇద్దరూ యజమాని కాళ్లావేళ్లా పడుతున్నారు. అలాగే గద్దెనెక్కి దేశాన్నేలుతున్న అసలు సేనాపతికి ఇప్పుడా నాటకం మీద కోపం వచ్చింది.

ఆమె గబగబా ముందుకొచ్చింది.

"ఈయనా? భలేవారే! ఈయనకంత తెలివుంటే నేను పొద్దస్తమానం గుండీలు కుట్టుకుంటూ ఎందుకుంటానండీ? ఎవరో రాసింది చూసి దించుతాడు, అంతే. సొంతంగా నాలుగు ముక్కలు రాయడం చేతకాదు."

ఇన్‌స్పెక్టర్ గుమాస్తాను ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు. "నిజమేలే. ఈ మొహానికి నాటకం కూడానా!" అంటూ యజమాని వైపు తిరిగాడు.

గండం గడిచిందనుకుని ఆమె భర్త వైపు చూసింది. ఆయన మొహం అవమానంతో కందిపోయి ఉంది. ఎవరో ఒకరు వచ్చి ఈ ప్రశ్న అడగాలనే ఆయన ఇన్నాళ్లూ కాచుకుని ఉన్నాడని ఆమెకు అప్పుడర్థమైంది.

"వద్దండీ," అందామె.

"నేనే రాశాను," అన్నాడాయన. "ప్రతి అక్షరం నాదే."

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసి పేరడిగి రాసుకున్నాడు. గుమాస్తా వంగి చూసి, "అక్కడ దీర్ఘం ఉండాలండీ," అని దిద్దించి, ఆ తరవాతే బేడీలకు చేతులు చాపాడు.