చికిత్సలో ఉన్నారు

ఆసుపత్రి పాత ఫైళ్లన్నీ తెల్లారేసరికి కంప్యూటర్లోకి ఎక్కాలి. నేలమాళిగలో ఒంటరిగా కూర్చున్న రికార్డుల గుమాస్తాకి ఓపిక నశించింది. పోయినవాళ్ల ఫైల్లో మరణ తేదీ నింపందే కంప్యూటరు ముందుకు కదలదు. దాంతో ఆ ఫైళ్ల కట్ట మొత్తానికీ, పేర్లయినా చూడకుండా, 'చికిత్సలో ఉన్నారు' అని నొక్కేసింది.

పైవార్డులో కాలింగ్ బెల్లులు మోగాయి.

ఆమె నర్సుకి ఫోన్ చేసింది. "అక్కా, పైన పేషెంట్లు పిలుస్తున్నారు, వినబడట్లేదా?"

"పైనా? ఆ వార్డుకి తాళమేసి ఏడాదైందే తల్లీ!"

ఆమె ఫోన్ పెట్టేసి, తెర మీది 'చికిత్సలో ఉన్నారు' వరుసల వైపు చూసింది. ఒక్కో ఫైలూ తెరిచి, తేదీ వెతికి నింపింది. నింపినప్పుడల్లా ఒక బెల్లు ఆగింది.

చివరి ఫైలు అమ్మది. ఆ తేదీ వెతకక్కర్లేదు. అయినా వేలు కదల్లేదు.

బెల్లు దానంతటదే ఆగింది. మెట్ల మీద ఎడమకాలు ఈడ్చే నడక, అచ్చం అమ్మదే, కిందికి దిగుతోంది.