రంగు వేయని గది

2039 జులై ఏడున పనసపొట్టు కూర తిన్నాం. నా భార్య సుభాషిణి ఇరవయ్యేళ్లు పరిశోధించి తయారుచేసిన నానో రేణువుల రంగు ఆ రోజే మా గోడలకెక్కింది. పొగ, క్రిములు, వాసనలు, అన్నీ తినేస్తుంది.

“మీకన్నా నయం, తిండికి వంకలు పెట్టదు,” అంది సుభాషిణి.

వాళ్లమ్మ చీరలున్న చిన్న గదికి మాత్రం వేయనివ్వలేదు.

ఇప్పుడు విశాఖలో ప్రతి గోడకూ అదే రంగుండాలని నిబంధన. సుభాషిణి పోయి మూడేళ్లు. ఆమె చీరలూ ఆ గదిలోనే ఉన్నాయి.

ఈ సాయంత్రం నగరపాలక సంస్థ తరఫున రంగులేసే నూకరాజు వచ్చాడు.

“ఈ గదొక్కటే ఉండిపోనాది మాస్టారూ. వెయ్యకపోతే నోటీసొచ్చీస్తాది.”

బదులుగా సుభాషిణి చీరల బీరువా తెరిచాను. కుంకుడుకాయా సాంబ్రాణీ కలిసిన ఆమె వాసన వచ్చింది. నూకరాజు కళ్లు మూసుకుని పీల్చాడు. డబ్బాకు మూత పెట్టేశాడు.

“గదే లేదని రాసీస్తాను. తలుపు మాత్రం ముయ్యండి, హాలు గోడలు ఈ వాసన లాగీస్తాయి.”

పడుకునేముందు ఆ చీరల దగ్గర ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, తలుపు మెల్లగా మూశాను.